పాత హాలీవుడ్ స్టిల్ అసలుదో కాదో, ఏ ఏటిదో తేల్చడం ఎలా

అమెరికాలో ఎస్టేట్ సేల్‌లోనో (ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట), ఫ్లీ మార్కెట్లోనో, ఆన్‌లైన్ వేలంలోనో 1930ల, 40ల నాటి సినిమా స్టిల్స్ ఇప్పటికీ దండిగా దొరుకుతాయి. స్టూడియోలు వీటిని అమ్ముకోవడానికి కాదు, పంచిపెట్టడానికి అచ్చు వేయించాయి. పత్రికలకు కొన్ని, థియేటర్లకు కొన్ని, ఉత్తరం రాసిన అభిమానులకు ఇంకొన్ని. అన్ని ప్రింట్లు తీశారు కాబట్టే అసలువి ఇంకా మిగిలాయి. అంత తేలిగ్గా చేతులు మారాయి కాబట్టే వాటిని మళ్లీ ఫొటో తీసి చేసిన కాపీలూ అసలువాటి పక్కనే, అదే ధరకు అమ్ముడవుతున్నాయి. బొమ్మలో ఉన్న తార ఎవరో చూడగానే తెలుస్తుంది. ఆ కాగితం ఎప్పటిదన్నదే తేల్చాల్సిన సంగతి. దానికి ఆధారాలు చాలావరకు వెనకవైపు ఉంటాయి. అందుకే బొమ్మను చూసి ముచ్చటపడటం కాసేపు ఆపి, ముందు ఫొటోను బోర్లించండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పది రెట్లు పెద్దగా చూపే లూప్ ఒకటి, నగల దుకాణాల్లో వాడేదే చాలు. 365 నానోమీటర్ల యూవీ టార్చి. మామూలు టార్చి. స్కేలు, మెత్తటి పెన్సిలు, శుభ్రమైన తెల్ల కాగితం. చవగ్గా దొరికే యూవీ టార్చీలు ఎక్కువగా 395 నానోమీటర్లవి. వాటి నుంచి ఊదా వెలుగే ఎక్కువగా వస్తుంది కాబట్టి, మెరుస్తున్నది కాగితమో టార్చి వెలుగో తేలక తికమక పడతారు. పది డాలర్లు ఎక్కువైనా 365దే కొనండి.

నూలు గ్లవ్స్ వద్దు. పట్టు దొరకదు, చిరిగిన అంచులకు దారాలు తగులుకుంటాయి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, లేదా చేతులు కడిగి బాగా ఆరాక అంచులు మాత్రమే పట్టుకోండి. బొమ్మ ఉన్న జెలటిన్ పొర మీద వేలిముద్ర పడితే కొన్నేళ్లకు అది గోధుమరంగు మచ్చగా తేలుతుంది, ఇక పోదు.

చేతికొచ్చింది ఏ రకం?

కొలత చూడండి. పత్రికలకు పంపే స్టిల్ కొలత 8×10 అంగుళాలు, అంటే 20.3×25.4 సెంటీమీటర్లు. ఇది సినిమా రీలులోంచి తీసిన ఫ్రేము కాదు. షాటు అయ్యాక నటులను అక్కడే నిలబెట్టి, స్టిల్ ఫొటోగ్రాఫర్ పెద్ద వ్యూ కెమెరాతో 8×10 నెగెటివ్ మీద విడిగా తీసేవాడు. నెగెటివ్‌ను నేరుగా కాగితానికి ఆనించి ప్రింటు తీసేవారు. పెద్దది చేయడం అనే దశే లేదు కాబట్టి లూప్ పెట్టి చూస్తే కనురెప్పల వెంట్రుకలు, కోటు నేత, వెనక బల్ల మీది కాగితంలోని అక్షరాలు కూడా విడివిడిగా కనబడతాయి. తర్వాత్తర్వాత 4×5 నెగెటివ్‌లు, 35 మిల్లీమీటర్ల ఫిల్ము వచ్చాయి. వాటినుంచి పెద్దది చేసిన ప్రింట్లలో ఇంత పదును ఉండదు.

పోర్ట్రయిట్ల తీరు వేరు. ఇవి స్టూడియోలోని గ్యాలరీలో, లైట్లు అమర్చుకుని తీరిగ్గా తీసినవి. మందపాటి డబుల్ వెయిట్ కాగితం మీద, మెరుపు లేని మాట్ ఉపరితలంతో, 11×14 అంగుళాల సైజులోనూ వేసేవారు. ఎమ్‌జీఎమ్ స్టూడియోలో 1920ల రెండో సగంలో రూత్ హ్యారియెట్ లూయీస్, ఆమె తర్వాత జార్జ్ హరెల్, వీళ్లతోపాటు గ్రెటా గార్బో చిత్రాలకు పేరుపడ్డ క్లారెన్స్ సింక్లెయిర్ బుల్, పారమౌంట్‌లో యూజీన్ రాబర్ట్ రిషీ, ఆర్‌కేఓలో ఎర్నెస్ట్ బాక్‌రాక్ ఈ పని చేశారు. ఫొటోగ్రాఫర్ పేరు వెనక రబ్బరు స్టాంపుగానో, అంచున రంగు లేకుండా ఉబ్బెత్తుగా నొక్కిన ముద్రగానో ఉంటుంది. ముద్ర లేకుండా వెలుగునీడల తీరు చూసి ‘ఇది హరెల్ తీసిందే’ అనేవాళ్ల మాటకు అదనంగా ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. ఆ శైలిని అప్పట్లో అందరూ అనుకరించారు.

ఎడమ అంచున గుడ్డ పట్టీ అతికించి, రంధ్రాలు పొడిచిన 8×10 కనబడితే అది స్టూడియో తన సొంత రికార్డు కోసం ఉంచుకున్న కీబుక్ స్టిల్. రంధ్రాలు ఉన్నాయని తీసి పక్కన పెట్టేవాళ్లున్నారు. నిజానికి అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే గట్టి సాక్ష్యం ఆ రంధ్రాలే.

లాబీ కార్డులు 11×14 అంగుళాల అట్టలు, సాధారణంగా ఎనిమిదింటి సెట్టు. మన థియేటర్ల వరండాలో అద్దాల పెట్టెలో పెట్టిన ఫొటో కార్డుల్లాంటివే. ఇవి చాలావరకు ప్రెస్సులో అచ్చు వేసినవి, ఫొటో ప్రింట్లు కావు. వీటికి ఇక్కడ చెప్పే కాగితం పరీక్షలు కొన్నే పనికొస్తాయి.

వెనకవైపు చదవడం

అసలైన స్టిల్ వెనకవైపు చూస్తే గజిబిజిగా ఉంటుంది. అందులో ఏదీ తుడవకండి, పీకకండి.

మొదట చూడాల్సింది స్నైప్. టైపు చేసి సైక్లోస్టైల్ తీసిన చిన్న కాగితం ముక్కను వెనక అతికించేవారు. నటుల పేర్లు, సినిమా పేరు, స్టూడియో పేరు, పత్రిక అలాగే దింపేసుకోవడానికి వీలుగా రెండు మూడు వాక్యాల ఊదర. అందులోని ‘కొత్తగా కాంట్రాక్టు కుదిరిన’, ‘త్వరలో విడుదల కానున్న’ లాంటి మాటలే తేదీని పట్టిస్తాయి. సినిమా పేరు విడుదలకు ముందు మారిపోయి ఉంటే స్నైప్‌లో పాత పేరే ఉంటుంది. అలాంటిది దొరికితే ప్రింటు విడుదలకు ముందుదేనని దాదాపు ఖాయం. స్నైప్‌ను రబ్బరు సిమెంటుతో అతికించి ఉంటే ఆ జిగురు గోధుమరంగుకు తిరిగి ఎండిపోయి, కాగితం దానంతటదే ఊడుతుంది. ఊడితే మళ్లీ అతికించవద్దు. విడి పాలిస్టర్ కవరులో పెట్టి ఫొటోతోనే ఉంచండి.

స్నైప్‌లకు కూడా నకిలీలున్నాయి. లూప్‌లో చూడండి. సైక్లోస్టైల్ సిరా కాగితంలోకి ఇంకి, అక్షరం అంచు కాస్త చెదిరి ఉంటుంది. టైపు అక్షరమైతే కాగితాన్ని నొక్కిన గుంట కనబడుతుంది. లేజర్ ప్రింటరు అక్షరం మాత్రం కాగితం పైన కూర్చున్న మెరిసే పొరలా ఉంటుంది, చుట్టూ నల్లటి పొడి చుక్కలు చెల్లాచెదురుగా కనబడతాయి.

ఇక స్టాంపులు. పత్రిక ఆఫీసులు ఫొటో అందిన రోజున, వాడిన రోజున తేదీ ముద్ర కొట్టేవి. ఇక్కడ మనవాళ్లు తడబడే చోటొకటి ఉంది. అమెరికా తేదీలో నెల ముందు వస్తుంది. 3/12/47 అంటే మార్చి 12, డిసెంబరు 3 కాదు. ఒకే ఫొటోను పత్రికలు ఇరవై ముప్పై ఏళ్లపాటు లైబ్రరీలో దాచి, తార పెళ్లికి, విడాకులకు, చివరికి చనిపోయినప్పటి వార్తకు కూడా వాడుకున్నాయి. అందుకే ఒకే ఫొటో వెనక నాలుగైదు తేదీలుంటాయి. వాటిలో మొదటిదే మీకు కావాల్సింది.

హాలీవుడ్ నిర్మాతల సంఘం ఎమ్‌పీపీడీఏ 1922లో ఏర్పడింది, 1945లో దాని పేరు ఎమ్‌పీఏఏగా మారింది. ప్రచార ఫొటోలను కూడా ఆ సంఘం వాళ్లు చూసి ఆమోద ముద్ర వేసేవారు. ఆ ముద్రలో ఏ పేరుందో చూస్తే 1945కు ఇటా అటా తేలిపోతుంది.

చిరునామా కూడా తేదీ చెబుతుంది. నగరం పేరు తర్వాత ఒకటి రెండు అంకెలున్నాయా, ‘హాలీవుడ్ 28, కాలిఫ్.’ అన్నట్టు? పోస్టల్ జోన్ అంకెలు 1943లో వచ్చాయి. ఐదంకెల జిప్ కోడ్, రెండక్షరాల రాష్ట్ర సంకేతం 1963లో వచ్చాయి. కాబట్టి జోన్ అంకె ఉన్న స్టాంపు 1943కు ముందు తయారైంది కాదు. జిప్ కోడ్ ఉన్న స్టాంపు 1963కు ముందుది కాదు. ఫోన్ నంబరు అక్షరాలతో మొదలైతే అది కూడా పాత పద్ధతే. 1960లలో అంకెల నంబర్లు వాటి చోటులోకి వచ్చాయి.

సంస్థల పేర్లు మరో పట్టిక. ఎమ్‌జీఎమ్ 1924 తర్వాతే. ఆర్‌కేఓ 1928 తర్వాతే. ‘ఫాక్స్ ఫిల్మ్ కార్పొరేషన్’ అని ఉంటే 1935కు ముందు. ఆ ఏడు ట్వెంటీయెత్ సెంచరీతో కలిసి ‘20యెత్ సెంచరీ-ఫాక్స్’ అయింది, మధ్యలోని ఆ చిన్న గీత 1985లో పోయింది. ‘యూనివర్సల్-ఇంటర్నేషనల్’ అన్న జంట పేరు 1946లో మొదలైంది. రేడియో, టీవీ ఫొటోల్లో ఎన్‌బీసీ 1926 నుంచి ఉంది, ఏబీసీ అన్న పేరు మాత్రం 1945లో వచ్చింది.

ఇలాంటి వెనకభాగం అనుకోండి: ఊదా సిరాలో ఫొటో ల్యాబ్ స్టాంపు, అందులో జోన్ అంకె, పక్కన 3/12/47, 11/6/58 అని రెండు పత్రిక తేదీలు, మూలన నీలం పెన్సిలుతో ‘2 కాలమ్స్’, స్నైప్ ఊడిపోయి గోధుమరంగు జిగురు మరక మాత్రం మిగిలింది. జోన్ అంకె వల్ల 1943కు ముందుది కాదు. మొదటి తేదీ వల్ల 1947 మార్చి తర్వాతది కాదు. స్నైప్ లేకపోయినా నాలుగేళ్ల గడువులోకి వచ్చేశారు. తర్వాత ఆ నటి ఆ నాలుగేళ్లలో ఏయే సినిమాలు చేసిందో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఏఎఫ్ఐ) సినిమాల కేటలాగ్‌లో చూసుకుంటే సరి.

కాగితం పరీక్ష

గది చీకటి చేసి, యూవీ టార్చి వెలుగు ముందు తెల్ల అంచు మీద, తర్వాత వెనకవైపు వేయండి. పక్కనే మామూలు ప్రింటరు కాగితం పెట్టుకోండి, పోల్చుకోవడానికి. కాగితం తెల్లగా కనబడేందుకు కలిపే ఆప్టికల్ బ్రైటెనర్ అనే రసాయనం 1950లలో ఫొటో కాగితాల్లోకి వచ్చింది. అది ఉంటే ప్రింటరు కాగితంలాగే నీలితెలుపు కాంతితో భగ్గున మెరుస్తుంది. పాత కాగితం మెరవకుండా, పాలమీగడ రంగులోనో, ఊదా నీడలోనో ఉండిపోతుంది.

ఈ పరీక్ష ఒకవైపే పనిచేస్తుంది. మెరిస్తే అది 1930ల నాటి ప్రింటు కాదు, ఇక వాదన అక్కర్లేదు. మెరవకపోతే మాత్రం ఏమీ రుజువు కాలేదు, ఎందుకంటే ఈ రసాయనం లేని కాగితాలు ఆ తర్వాత కూడా తయారయ్యాయి. అమ్మేవాళ్లు ఈ రెండో సగాన్ని మరిచిపోయినట్టు నటిస్తారు. 1940లో చనిపోయిన అమెరికన్ ఫొటోగ్రాఫర్ లూయిస్ హైన్ ఫొటోల విషయంలో 1990ల చివర పెద్ద గొడవ జరిగింది. ఆయన కాలం నాటివని అమ్మిన ప్రింట్లలో కొన్నింటి కాగితంలో ఈ బ్రైటెనర్ ఉందని తేలాకే సంగతి బయటపడింది. టేపు, జిగురు, తర్వాత అతికించిన లేబులు వేరుగా మెరవొచ్చు. చూడాల్సింది ఫొటో కాగితాన్నే.

తర్వాత అంచు చూడండి. పాత ఫొటో కాగితం పీచుతో చేసినది. మూల నలిగిన చోట పొరలుగా, దూదిలా విచ్చుకుంటుంది. ప్లాస్టిక్ పూత ఉన్న రెజిన్ కోటెడ్ కాగితం నలుపు తెలుపు ప్రింట్లలో 1970ల మొదట్లో వాడుకలోకి వచ్చింది. అది వెనకవైపు కూడా నున్నగా, జారుడుగా ఉంటుంది. తడి వేసి చూడొద్దు. వేలితో తాకితే చాలు.

అసలైన గ్లాసీ స్టిల్ అద్దంలా మెరవడానికి కారణం దాన్ని ఆరబెట్టిన పద్ధతి. తడిగా ఉన్న ప్రింటును మెరుగు పెట్టిన క్రోమియం పలక మీద బోర్లించి, నొక్కి, వేడి మీద ఆరబెట్టేవారు. ఫొటోను పత్రికలో అచ్చు వేయడానికి లోహపు బ్లాకు చేసే బ్లాకు మేకర్లకు ఆ మెరుపే కావాలి, మాట్ ప్రింటు నుంచి బ్లాకు చప్పగా వచ్చేది. పలక మీద ప్రింటు సమంగా ఆరకపోతే ఉపరితలం మీద ఆల్చిప్పలోపలి గీతల్లాంటి వంపు గీతలు మిగిలిపోతాయి. టార్చిని పక్కనుంచి, బల్లకు దాదాపు సమాంతరంగా పట్టి చూస్తే అవి తెలుస్తాయి. అవి లోపం కాదు, ఆ కాలపు పని గుర్తు.

అదే వాలు వెలుగులో నల్లటి భాగాల్లో, ముఖ్యంగా అంచుల దగ్గర, నీలం కలిసిన వెండి మెరుపు కనబడుతోందా? దాన్ని సిల్వర్ మిర్రరింగ్ అంటారు. దశాబ్దాల పాటు గాలి, చెమ్మ తగిలి బొమ్మలోని వెండి కరిగి పైకి వచ్చి పేరుకున్న పొర అది. దాన్ని నిజమనిపించేలా సృష్టించడం చాలా కష్టం. తుడిచి ‘శుభ్రం’ చేయకండి. అలా చేస్తే మీ దగ్గరున్న మంచి సాక్ష్యాన్ని మీరే చెరిపేసినట్టు.

ఇప్పుడు ముందువైపు

లూప్ ముఖం మీద పెట్టండి. వరుసలు కట్టిన చుక్కలు కనబడితే అది ప్రెస్సులో వేసిన అచ్చు. రంగురంగుల సన్నటి చుక్కలు అడ్డదిడ్డంగా చిమ్మినట్టుంటే ఇంక్‌జెట్. నిజమైన ఫొటోలో చుక్కలుండవు, బూడిదరంగు ఒకదాన్లోంచి ఒకదాన్లోకి జారిపోతుంది. బొమ్మ అంతటా సన్నటి అడ్డగీతలు, బొమ్మలోనే ఇమిడిపోయిన క్యాప్షన్ ఉంటే అది టెలిఫోన్ వైరు మీద పంపిన ఫొటో. అసోసియేటెడ్ ప్రెస్ వైర్‌ఫొటో సేవ 1935 జనవరి 1న మొదలైంది.

అన్నిటికన్నా మోసం చేసేది డూప్. పాత ప్రింటును మళ్లీ ఫొటో తీసి, కొత్త నెగెటివ్ చేసి, నిజమైన ఫొటో కాగితం మీదే వేసిన కాపీ అది. దాంట్లో చుక్కలుండవు కాబట్టి మొదటి పరీక్ష దాటేస్తుంది. పట్టుకునే దారి ఇదీ: బొమ్మలో ఏదైనా గీతో, మడతో, మూలన గుండుసూది రంధ్రమో ఉందేమో వెతకండి. ఉంటే టార్చిని వాలుగా పట్టి అదే చోట కాగితాన్ని చూడండి. కాగితం మీద నిజంగా మడత ఉంటే వెలుగు విరుగుతుంది, నీడ పడుతుంది. బొమ్మలో మడత ఉండి కాగితం నున్నగా ఉందంటే ఆ మడత ఇంకో ప్రింటుది, మీ చేతిలోది దాని ఫొటో. అంతే.

డూప్‌కు ఇంకొన్ని గుర్తులున్నాయి. జుట్టు నల్లటి ముద్దలా అయిపోతుంది, తెల్లచీర మడతల్లాంటి సన్నటి వివరాలు చెరిగిపోతాయి, నాలుగు వైపులా బొమ్మ కాస్త కోసుకుపోతుంది, అంచులోని అక్షరాలు మసకగా మారతాయి.

ఆ అక్షరాల సంగతి విడిగా చెప్పాలి. కింది మూలన 1060-23 లాంటి అంకెలుంటాయి. మొదటిది స్టూడియో ఆ సినిమాకు ఇచ్చిన ప్రొడక్షన్ నంబరు, రెండోది ఆ సినిమా స్టిల్స్‌లో ఈ ఫొటో వరుస. అంకెల బదులు సినిమా పేరులోని పొడి అక్షరాలను వాడిన స్టూడియోలూ ఉన్నాయి. పోర్ట్రయిట్లకు తరచు వేరే వరుస ఉండేది. ఈ నంబరును నెగెటివ్ మీదే రాసేవారు. సిరాతో రాస్తే వెలుగు ఆగి ప్రింటులో తెల్లగా పడుతుంది, సూదితో గీకితే నల్లగా పడుతుంది. లూప్‌లో ఆ అంకెల అంచు బొమ్మంత పదునుగా ఉంటే ప్రింటు అసలు నెగెటివ్ నుంచే వచ్చిందనుకోవచ్చు. స్నైప్ పోయి, తార ఎవరో తెలియని ఫొటోకు కూడా ఈ నంబరుతో సినిమా పేరు దొరుకుతుంది. కలెక్టర్లు తయారుచేసిన కోడ్ పట్టికలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఒకే నంబరు రెండు మూడు స్టూడియోల్లో ఉండొచ్చు కాబట్టి ఒక్క నంబరు నమ్ముకోకుండా నటుడు, స్టూడియో కూడా సరిపోవాలి.

కింది అంచున ‘49/123’ లాంటి గీత ఉన్న అంకె కనబడితే అది నేషనల్ స్క్రీన్ సర్వీస్ నంబరు. 1940 నుంచి చాలా స్టూడియోల పోస్టర్లనూ స్టిల్స్‌నూ థియేటర్లకు పంపిణీ చేసింది ఈ సంస్థే. గీతకు ముందు విడుదలైన ఏడు, తర్వాత వరుస. ముందు ‘ఆర్’ అక్షరం ఉంటే, అంటే ‘ఆర్49/123’ అయితే, అది 1949లో ఆ సినిమాను మళ్లీ విడుదల చేసినప్పటి స్టిల్. అది నకిలీ కాదు, కానీ మొదటి విడుదల నాటిదీ కాదు. ఆ అక్షరాన్ని బొటనవేలి కింద దాచి ఫొటో పెట్టే అమ్మకందారులుంటారు, మూలల దగ్గరి ఫొటో విడిగా అడిగి తెప్పించుకోండి.

పత్రికల చేతుల్లో పడ్డ స్టిల్ మీద మైనం పెన్సిలు గీతలు, ముఖం అంచు చుట్టూ పూసిన తెల్ల రంగు, వెనక గోడను చెరిపేసిన బూడిద ఎయిర్‌బ్రష్ కనబడతాయి. అవి బ్లాకు కోసం ఆర్టిస్టు చేసిన పని. కడిగేస్తే పోతాయని ఎవరో చెబుతారు. ఒకప్పుడు అలా కడిగి పాడుచేసుకున్న ప్రింట్లకు లెక్కలేదు. ఆ గీతలు ఫొటో ఏ కాలమ్‌లో ఎంత కొలతలో అచ్చయిందో చెబుతాయి, ఉండనివ్వండి.

ఫ్యాక్టరీల ఫొటోలు చేతికొస్తే

రైలింజన్లు, టర్బైన్లు, విమానాలు, కొత్త ఫ్రిజ్ పక్కన నవ్వుతున్న మోడల్ కూడా ఇదే 8×10 కొలతలో పత్రికలకు వెళ్లేవి. ఇక్కడ స్నైప్ బదులు క్యాప్షన్ కాగితాన్ని వెనక కింది అంచున అతికించి, ముందుకు మడిచేవారు. మడత దగ్గర అది తెగిపోయి సగమే మిగిలి ఉంటుంది. దాన్ని తెరిచేటప్పుడు తొందర వద్దు.

లోకోమోటివ్ కంపెనీలు తమ ఇంజన్‌కు తీయించిన ఫొటోల్లో వెనక షెడ్డు, మనుషులు, ఆకాశం ఏమీ ఉండవు, తెల్లటి శూన్యంలో ఇంజన్ ఒక్కటే నిలబడి ఉంటుంది. నెగెటివ్ మీద ఇంజన్ చుట్టూ అడ్డు రంగు పూసి, మిగతాదంతా వెలుగు పోకుండా మూసేయడం వల్ల ఆ తెలుపు వచ్చింది. లూప్‌లో చక్రాల ఆకుల మధ్య చూడండి, కుంచె వణికిన చోట కత్తిరించినట్టు అంచు తెలుస్తుంది. ముందువైపు పక్కన బిల్డర్ ప్లేటు (తయారుచేసిన కంపెనీ బిగించిన పలక) చదవగలిగితే క్రమ సంఖ్య, తయారైన ఏడు దొరికినట్టే. ఆవిరి యుగంలో బాల్డ్‌విన్ కంపెనీ ప్లేటు గుండ్రంగా, లైమా కంపెనీ ప్లేటు డైమండ్ ఆకారంలో ఉండేవి. అయితే ప్లేటు చెప్పేది ఇంజన్ వయసు మాత్రమే. రైలు అభిమానుల కోసం ఈ నెగెటివ్‌ల నుంచి దశాబ్దాల తర్వాత కూడా ప్రింట్లు తీశారు, అందుకే యూవీ పరీక్ష ఇక్కడ ఇంకా ముఖ్యం.

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫ్యాక్టరీ ఫొటో వెనక సెన్సార్ ముద్రో, 1942 నుంచి 1945 దాకా పనిచేసిన ఆఫీస్ ఆఫ్ వార్ ఇన్ఫర్మేషన్ అనే ప్రభుత్వ శాఖ పేరో ఉంటే అదృష్టమే. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగి డ్యూటీలో తీసిన ఫొటోకు అక్కడ కాపీరైటు లేదు.

సంతకం ఉందా?

అభిమానులకు పంపిన ఫొటోలు తరచు 5×7 అంగుళాలవి, సంతకం నెగెటివ్‌లోనే ఉండేది. వాలు వెలుగులో చూడండి. సిరా సంతకమైతే మెరుపు తేడా, పెన్ను నొక్కిన గాడి తెలుస్తాయి. సంతకం బొమ్మంత నున్నగా, అదే మెరుపుతో ఉంటే అది అచ్చు. సిరా నిజమైనా చెయ్యి తారది కాకపోవచ్చు. సెక్రటరీలు, ఇంట్లోవాళ్లు కూర్చుని సంతకాలు చేయడం మామూలే. 1930ల తార జీన్ హార్లో ఫొటోల్లో చాలావాటి మీద ఉన్నది వాళ్లమ్మ సంతకం. సంతకానికి ధర కట్టే ముందు ఆ పని తెలిసినవాళ్లకు చూపించండి. కాగితం పరీక్షలతో అది తేలేది కాదు.

స్కాన్, భద్రం

600 డీపీఐ, 16 బిట్, టిఫ్ ఫార్మాట్. 8×10కు 4800×6000 పిక్సెళ్లు వస్తాయి, గ్రేస్కేల్‌లో ఫైలు 55 ఎంబీ పైచిలుకు. మచ్చలు, పసుపు, సిరా రంగులు కూడా నమోదు కావాలంటే కలర్‌లోనే తీయండి, ఫైలు మూడింతలవుతుంది. వెనకవైపు కూడా తప్పకుండా తీయండి, రెండు ఫైళ్లకూ ఒకే పేరు పెట్టి చివర ‘ముందు’, ‘వెనక’ అని కలపండి. స్కానర్ ఆటో షార్పెన్, దుమ్ము తొలగింపు ఆపేయండి. దుమ్ము తొలగింపు తారల కంటి మెరుపును దుమ్మనుకుని చెరిపేస్తుంది. చుట్టుకుపోయిన ప్రింటును మూత బరువుతో బలవంతంగా చదును చేయొద్దు, ఎండిన జెలటిన్ పెళుసుగా పగులుతుంది.

దాచడానికి పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు, యాసిడ్ లేని అట్ట. పీవీసీ ఆల్బములు, అతుక్కునే పేజీల ఆల్బములు, సెల్లో టేపు దగ్గరికి రానీయొద్దు. గది 20 డిగ్రీల చుట్టూ, గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. విశాఖలోనో, కాకినాడలోనో ఇంట్లో పెట్టుకునేవాళ్లకు అసలు శత్రువు తేమే. 65 శాతం దాటితే జెలటిన్ మెత్తబడి, గ్లాసీ ప్రింటు ఫ్రేము అద్దానికి అతుక్కుపోతుంది, ఊడదీస్తే ముఖం అద్దానికే ఉండిపోతుంది. అందుకే ఫ్రేము కట్టిస్తే అద్దానికీ ఫొటోకూ మధ్య అట్ట మౌంటు ఖాళీ ఉండాలి. సిలికా జెల్ సంచులు, మూత బిగిసే డబ్బా, డబ్బాలో చిన్న తేమ మీటరు ఉంటే చాలు. వెనక రాయాల్సొస్తే అంచున మెత్తటి పెన్సిలుతో, గట్టి బల్ల మీద పెట్టి, తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ గాడి ముందువైపు ఉబ్బుతుంది.

ఫొటోలతోపాటు నెగెటివ్‌లు దొరికితే అంచున ‘సేఫ్టీ’ అని ఉందేమో చూడండి. లేకపోతే అది తేలిగ్గా నిప్పంటుకునే పాత నైట్రేట్ ఫిల్ము కావచ్చు. అంటుకుంటే ఆగదు, వదిలే వాయువు ప్రింట్లనూ తినేస్తుంది. విడిగా, చల్లగా ఉంచి, దగ్గర్లోని ఆర్కైవ్‌ను అడగండి.

ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?

ఫొటో మీ సొంతమైనంత మాత్రాన హక్కులు మీవి కావు. అమెరికా చట్టం ప్రకారం ప్రచురణ జరిగి 95 ఏళ్లు నిండిన తర్వాతి జనవరి 1 నుంచి కాపీరైటు ఉండదు. 2026 జనవరి 1 నాటికి 1930 దాకా ప్రచురించినవి ఆ గడువు దాటాయి. తర్వాతివాటికి ప్రింటు మీద కాపీరైటు నోటీసు ఉందో లేదో చూడండి. 1977 దాకా నోటీసు లేకుండా పంచిపెట్టిన ఫొటోకు సాధారణంగా రక్షణ పోయినట్టే, ప్రచార స్టిల్స్‌లో చాలావాటి పరిస్థితి ఇదే. నోటీసు ఉన్నా, 1963 వరకు ప్రచురించినవాటికి 28వ ఏట రెన్యువల్ చేయించకపోతే హక్కు ముగిసింది. రెన్యువల్ అయిందో లేదో స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉంచిన కాపీరైట్ ఎంట్రీల కేటలాగులో వెతకొచ్చు. 1964 నుంచి 1977 దాకావి మాత్రం నోటీసు ఉంటే చాలు, రెన్యువల్ దానంతటదే జరిగింది. ఈ లెక్కకు నోటీసు లేదని చూపే రుజువు కావాలి, అందుకే ముందూ వెనకా రెండూ అంచులు తెగకుండా స్కాన్ చేయమన్నది.

బ్లాగులో వ్యాసంతో పెట్టడం వేరు, టీషర్టు మీద అచ్చేసి అమ్మడం వేరు. కాపీరైటు పోయినా కాలిఫోర్నియాలో చనిపోయిన తార పేరు, రూపాలను వ్యాపారానికి వాడుకునే హక్కు 70 ఏళ్లపాటు వారసులది.